పసుపు పెట్టిన లెక్కల పుస్తకం

మా అమ్మాయి పదో తరగతి పాసైన వేసవిలో మా ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. హైస్కూల్లో సోషల్ మాస్టారుగా ఇరవై ఏళ్లు ప్రపంచ యుద్ధాలూ, వాటి తర్వాత కుదిరిన సంధులూ పిల్లల చేత బట్టీ పట్టించినవాణ్ణి. గెలిచిన దేశాలు ఓడిన దేశాల మీద కూడా అంత కఠినమైన షరతులు పెట్టినట్టు నేనెక్కడా చదవలేదు.

సంగతేమిటంటే, రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకి మా ఉంగుటూరు చుట్టుపక్కల పదో తరగతి పాసైన ప్రతి బిడ్డనీ ఒక ఇనప ట్రంకుపెట్టెతో సహా బెజవాడ హాస్టలు కాలేజీలో దింపి రావడం ఆచారమైపోయింది. జూన్ నెలలో ఏలూరు వైపు వెళ్లే బస్సుల టాపు మీద ట్రంకుపెట్టెలు తప్ప ఆకాశం కనపడేది కాదు. మా ఆవిడ కూడా పెట్టె కొనేసింది. తాళం కూడా కొంది. మా అమ్మాయి మాత్రం ఆ హాస్టలు ఒక్కసారి చూసొచ్చి, మూడో రోజు నోరు విప్పింది.

"అమ్మా, అక్కడ సాంబార్లో నా మొహం కనపడిందమ్మా. బొట్టు వంకరగా ఉంటే దాంట్లో చూసుకుని దిద్దుకున్నాను కూడా. నేను వెళ్లను."

"వెళ్లకుండా ఏం చేస్తావే?"

"తాడేపల్లిగూడెంలో తెలుగు మీడియం ఎంపీసీలో చేరతాను. రోజూ బస్సులో వెళ్లొస్తాను."

"లెక్కలో? ఇంటర్ లెక్కలంటే మాటలా? నీకెవరు చెప్తారు?"

అప్పుడు పడక్కుర్చీలో, పేపరు వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. "నేను చెప్తాను." ఎవరా అని నేను కూడా చుట్టూ చూశాను. అది నా గొంతే. సరిగ్గా ఆ క్షణంలో ఫ్యాను ఆగిపోయింది. కరెంటు పోయిందని వాళ్లిద్దరూ ఇప్పటికీ అంటారు. సిగ్గుపడి ఆగిందని నా అనుమానం.

ఎందుకంటే నా లెక్కల చదువు పదో తరగతితో సమాప్తం. అప్పుడొచ్చిన మార్కులు పాసుకి సరిపోయాయి, పరువుకి సరిపోలేదు. ఆ తర్వాత నేనూ లెక్కలూ ఎదురుపడితే ఇద్దరిలో ఒకరం వీధి మారి నడిచేవాళ్లం. కానీ ఎదురుగా ఆ పిల్ల మొహం చూస్తే, ఆ పెట్టెలో బట్టల బదులు తననే మడతపెట్టి పంపేస్తున్నామన్నట్టుంది. ఆ మొహం చూసి ఏ తండ్రయినా నోరు జారతాడు.

"సరే," అంది మా ఆవిడ, నా వైపు చూడకుండానే. "క్వార్టర్లీలో లెక్కల ఎ పేపరు డెబ్బై అయిదుకి. అందులో యాభై రావాలి. వస్తే ఇక్కడే ఉంటుంది. ఒక్క మార్కు తగ్గినా దసరా సెలవుల్లో బెజవాడే."

ఆ విధంగా జూన్ రెండో వారంలో నేను పుస్తకం కోసం బయల్దేరాను. సర్కారువారి తెలుగు మీడియం పుస్తకం ఒకటి ఉంటుందని అందరూ అనేవారు. చూసినవాళ్లు మాత్రం తగల్లేదు. గూడెంలో అయిదు కొట్లు తిరిగాను. అయిదుగురూ ఒకే మాట: "ఇంకా రాలేదండి, వచ్చేవారం అండి." ఆ వచ్చేవారం ఏ క్యాలెండర్లో ఉంటుందో ఏ సిద్ధాంతికీ తెలియదు.

మా స్కూల్లో లెక్కల మాస్టారిని సలహా అడిగాను. ఆయన చర్చిలో సంఘపెద్ద కూడా. సుద్దముక్కలా మాట కూడా వాడితే అరిగిపోతుందని ఆయన భయం.

"ఏ పుస్తకమైనా ఒకటేనండి మాస్టారు. కొనండి. తర్వాత తెరవండి. చాలామంది ఆ రెండో పని దగ్గర ఆగిపోతారండి."

ఆదివారం ఏలూరు వెళ్లాను. పవర్‌పేటలో ఒక పాత పుస్తకాల కొట్టు ఉండేది. కొత్తవీ పాతవీ కలిపి అమ్మేవాడు. లోపలికి అడుగు పెడితే పుస్తకాలు మనల్ని చూస్తున్నట్టుండేవి గాని, మనం వాటిని చూస్తున్నట్టుండేది కాదు. కొట్టాయన బనీనుతో కూర్చుని విసనకర్ర విసురుకుంటున్నాడు.

"ఏం కావాలండి?"

"ఇంటర్ ఫస్టియర్ లెక్కలు. ఎ పేపరుకి మంచి పుస్తకం."

"పాసవ్వడానికాండి, అర్థమవ్వడానికాండి?"

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు.

"రెండిటికీ," అన్నాను.

"రెండిటికీ అంటే రెండు పుస్తకాలవుతాయండి. దాంట్లో ఉన్నది దీంట్లో ఉండదండి. దీంట్లో ఉన్నది పరీక్షలో ఉండదండి."

"సర్కారు పుస్తకం లేదా?"

"వస్తాదండి."

"ఎప్పుడు?"

"ఆయ్, వస్తాదండి," అన్నాడు, ఎప్పుడన్నదానికి విసనకర్రతో ఆకాశం వైపు చూపించి.

అప్పుడు కనపడిందది. పై అరలో, రెండు పుస్తకాల చోటు ఒక్కటే ఆక్రమించుకుని, నల్లటి అట్ట మీద బంగారు అక్షరాలతో. ఇంగ్లీషు పుస్తకం. ప్రీకాలిక్యులస్ అని రాసుంది. కాలిక్యులస్ అంటే లెక్కల్లో పెద్దపులి అని తెలుసు. దానికి ముందు చదవాల్సిందంటే ఇంటికి ముందు అరుగులాంటిదన్నమాట, చిన్నదే అయ్యుంటుంది అనుకుని చేతిలోకి తీసుకున్నాను. భుజం కలుక్కుమంది. ఆ అరుగు మీద మా ఊరి జనాభా మొత్తాన్ని వరసగా పడుకోబెట్టి, ఇంకా ద్వారకా తిరుమల వెళ్లే యాత్రికులకి చోటివ్వచ్చు. వెయ్యి పేజీలకి పైన. లోపల రంగుల బొమ్మలు. దీపస్తంభాలు, పడవలు, బంతి కొడుతున్న ఎర్రచొక్కా మనిషి.

"అది మన సిలబస్ కాదండి మాస్టారు," అన్నాడు కొట్టాయన.

"జ్ఞానానికి సిలబస్సేంటండి?"

ఆయన నన్ను ఒకసారి ఎగాదిగా చూశాడు. ఇలాంటి వాక్యం ఇంకోటి వస్తుందేమోనని భయం వేసినట్టుంది, గబగబా పాత పేపర్లో చుట్టి చేతిలో పెట్టేశాడు. బస్సులో కండక్టరు దాన్ని చూసి, "లగేజీ టిక్కెట్టు తీసుకుంటారాండి?" అనడిగాడు. ఎగతాళికే అన్నాడో, నిజంగానే అన్నాడో తెలియక నేను గంభీరంగా కిటికీలోంచి కాలవ వైపు చూశాను.

ఇక్కడ మా వైపు ఇళ్లలో ఉన్న ఒక అలవాటు చెప్పాలి. కొత్త పుస్తకం గుమ్మం దాటి లోపలికొస్తే, దాని నాలుగు మూలలకీ పసుపు రాసి, మొదటి పేజీలో కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి దగ్గర ఉంచి, ఆ తర్వాత గాని చదవరు. చాలా ఇళ్లలో ఇది తీరిగ్గా జరుగుతుంది. మా ఆవిడ చేతిలో మాత్రం మెరుపు ఉంది. నేను చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, తుండుగుడ్డ అందుకునేలోపు వెయ్యి పేజీల ప్రీకాలిక్యులస్ నాలుగు మూలలా పచ్చగా, నుదుట ఎర్రగా, పెళ్లికూతురిలా దేవుడి అలమరాలో కూర్చునుంది.

సాయంత్రం మా అమ్మాయి తెరిచింది. పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది. మా గోదావరి జిల్లాల్లో పిల్లలు తండ్రిని ఎంత ఎగతాళి చేసినా మర్యాద తప్పరు. ఆ మర్యాదే ఎక్కువ గుచ్చుకుంటుంది.

"నాన్నగారూ, ఇది ఇంగ్లీషండి."

"అవునమ్మా."

"నేను తెలుగు మీడియమండి."

"అవునమ్మా."

"ఇందులో మంచు పడుతోందండి."

చూశాను. నిజమే. ఒక ఇంటి కప్పు మీద మంచు పేరుకుంటోంది. కప్పు ఎంత వాలుగా ఉంటే మంచు జారిపోతుందో కనుక్కోమన్నాడు. బయట గోడ మీద చెయ్యి వేస్తే చర్మం అంటుకుపోయే ఎండ. మా ఇంట్లో ఉన్న మంచు మొత్తం ఫ్రిజ్జులో ఒక గిన్నెడు, అదీ కరెంటుంటే.

మర్నాడు స్కూలు అవగానే పుస్తకం మోసుకుని మళ్లీ ఏలూరు. కొట్టాయన పేపరు విప్పి, మూల చూసి, విసనకర్ర ఆపేశాడు.

"పసుపు పెట్టేశారేంటండి!"

"మా ఆవిడ పెట్టిందండి. నిన్నటి పుస్తకమే కదా. ఒక్క పేజీ కూడా నలగలేదు. దీని బదులు ఇంకోటివ్వండి."

"పసుపు పెట్టాక ఇది పుస్తకం కాదండి, దేవుడండి. దేవుణ్ణి నేను సెకండ్ హ్యాండులో ఎలా అమ్మనండి?"

వాదించాను. తడిగుడ్డతో తుడుస్తానన్నాను. ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు. పసుపు తుడవడం అనే మాట కొట్లో వినపడితేనే అరిష్టమన్నట్టు బోణీ డబ్బా వైపు చూసి దణ్ణం పెట్టుకున్నాడు. చివరికి జాలిపడి ఒక గైడు చేతికిచ్చాడు. తెలుగులో ఉంది, లావుగా ఉంది, సిలబస్సే. "పాసవ్వడానికి ఇదండి," అన్నాడు. ఈసారి జాగ్రత్తపడ్డాను. మా అమ్మాయి చూసి సరేననేదాకా మా ఆవిడ కంటపడకూడదని చొక్కా లోపల, పొట్ట మీద దాచుకుని ఇంట్లోకి వచ్చాను. మా ఆవిడ నన్ను చూసి, "ఏవండీ, పొట్ట నలుచదరంగా ఉందేంటి?" అంది. రెండు నిమిషాల్లో గైడుకి కూడా నాలుగు మూలలా పసుపు.

ఇదంతా లెక్కల మాస్టారికి చెప్పుకుని వాపోయాను. ఆయన "మా ఇళ్లల్లో అయితే పుస్తకం మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తామండి. మరక పడదండి," అన్నారు. ఆయన జోకు వేయడం నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు.

ఇక చదువు మొదలైంది. పొద్దున్న అయిదున్నరకి కాఫీ గ్లాసులతో నేనూ మా అమ్మాయీ గైడు ముందు కూర్చునేవాళ్లం. నేను ముందురోజే రెండు పేజీలు చదువుకుని సిద్ధంగా ఉండేవాణ్ణి. ఆ రెండు పేజీలకి నాకు పట్టిన సమయంలో పారిశ్రామిక విప్లవం మొత్తం పూర్తయ్యేది.

ముందు ప్రమేయాలు, అంటే ఫంక్షన్లు. అన్వేకం, సంగ్రస్తం, ద్విగుణం. ఈ పేర్లు పెట్టినాయన ఎవరో గాని, ఎవరి మీదో కోపంతో పెట్టాడు. సంగ్రస్తం అనే మాట మొదటిసారి చూసినప్పుడు ఇదేదో గ్రహణం తాలూకు వ్యవహారమనుకుని, గర్భిణీ స్త్రీలు చదవకూడదేమో అనుకున్నాను. అన్వేకం నాకు రెండు రోజుల్లో అర్థమైంది. మూడో రోజు పొద్దున్న మహోత్సాహంగా చెప్పాను.

"చూడమ్మా, క్లాసులో ప్రతి పిల్లవాడికీ ఒక రోల్ నంబరుంటుంది. ఒకరి నంబరు ఇంకొకరికి ఉండదు. అదే అన్వేకం."

"బాగుందండి. మరి సంగ్రస్తమో?"

"ఏ రోల్ నంబరూ ఖాళీగా మిగలకపోతే."

"అంటే మీ స్కూల్లో టీసీ తీసుకుని ఎవరైనా వెళ్లిపోతే సంగ్రస్తం పోతుందాండి?"

నేను గ్లాసు ఎత్తి కాఫీ తాగాను. అందులో కాఫీ అయిపోయి పది నిమిషాలైంది. ఆ ప్రశ్నకి సరైన జవాబు అవుననేనని సాయంత్రానికి తెలిసింది. ఈలోపు ఆ పిల్ల కాలేజీకి వెళ్లి తనే తెలుసుకుని వచ్చేసింది.

గైడుతో అసలు బాధ ఏమిటంటే, దానికి గర్వం ఎక్కువ. నాలుగు మెట్లు చక్కగా చెయ్యి పట్టుకుని ఎక్కిస్తుంది. అయిదో మెట్టు దగ్గర "ఇది స్పష్టం" అని రాసి, మనల్ని అక్కడే వదిలేసి, పైకి వెళ్లిపోయి, పై అంతస్తు కిటికీలోంచి జవాబు చూపిస్తుంది. ఇంకో చోట "సులభంగా చూపవచ్చు" అంటుంది. అంత సులభమైతే చూపించొచ్చుగా! నేను ఆగస్టు నెల మొత్తంలో ఎవరినైనా అసహ్యించుకున్నానంటే అది ఆ రెండు మాటలనే. పైగా అచ్చుతప్పులు. ఒక లెక్కకి జవాబు రెండు అని ఉంటుంది, వెనకాల జవాబుల పట్టికలో మైనస్ రెండు. ఏది నమ్మాలో తెలియక మేమిద్దరం ఒక రోజు రెండు అనీ, ఒక రోజు మైనస్ రెండు అనీ నమ్మేవాళ్లం.

త్రికోణమితిలో ఒక లెక్క వచ్చింది. మూడు కాస్ ఎక్స్, నాలుగు సైన్ ఎక్స్ కలిపితే వచ్చేది ఎక్కువలో ఎక్కువ ఎంత, తక్కువలో తక్కువ ఎంత? మూడూ నాలుగూ కలిపితే ఏడు కదా, ఏడే అనుకున్నాను. గైడు అయిదంది. సూత్రం ఇచ్చింది: మూడు వర్గం, నాలుగు వర్గం కలిపి వర్గమూలం తీస్తే అయిదు, కాబట్టి పైన అయిదు, కింద మైనస్ అయిదు.

"ఎందుకండి?" అంది మా అమ్మాయి.

గైడు చూశాను. ఇది స్పష్టం.

"ఏడెందుకు కాకూడదండి? ఎందుకు అయిదండి?"

"సూత్రం అలా ఉందమ్మా. రాసెయ్యి."

"నాన్నగారూ, మీరు మీ స్కూల్లో పిల్లలకి కూడా ఇలాగే చెప్తారాండి? యుద్ధం ఎందుకు జరిగిందంటే జరిగింది రాసెయ్యి అనాండి?"

ఆ మాటకి పౌరుషం వచ్చి దేవుడి అలమరాలోంచి ఆ నల్లపుస్తకాన్ని దింపాను. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని ఇద్దరం వెతికాం. ఒక పెద్ద రంగులరాట్నం బొమ్మ ఉంది. దాని మీద కూర్చున్న మనిషి నేల మీద నుంచి ఎంత ఎత్తులో ఉంటాడు, ఏ సమయానికి ఎంత, అని పది పేజీలు. దాంతోనే సైను, కాసు అన్నీ చెబుతున్నాడు. మంచి మనిషి, "ఇది స్పష్టం" అని ఒక్కసారి కూడా అనలేదు. కానీ రంగులరాట్నం గురించి నా అనుభవం ఏలూరు ఎగ్జిబిషన్లో ఒకే ఒక్కసారి, అదీ మొదటి చుట్టు నుంచి చివరి చుట్టు దాకా కళ్లు మూసుకునే. ఎత్తు గురించి నా దగ్గర ఏ సమాచారమూ లేదు.

ఆ వారంలోనే మా బావమరిది కబురు పెట్టాడు. కైకలూరు అవతల, కొల్లేటి అంచున అతనికి రొయ్యల చెరువులున్నాయి. కొత్త చెరువులో రొయ్యపిల్ల వదులుతున్నాం, అక్కయ్యా బావగారూ రావాలని. ముగ్గురం వెళ్లాం. మా అమ్మాయి ఆ నల్లపుస్తకాన్ని కూడా చంకలో పెట్టుకుని బయల్దేరింది. చూసినవాళ్లు చెరువుకి శంకుస్థాపన రాయి తెస్తున్నామనుకున్నారు.

చెరువు మధ్యలో ఏరేటర్లు తిరుగుతున్నాయి. రొయ్యలకి గాలి అందడానికి నీళ్లని చిలికే రెక్కల చక్రాలు. నురుగు తప్ప రెక్క కనపడనంత వేగం. గట్టు పక్కన ఇంకోటి అప్పుడే బిగించి, ఇంకా తిప్పకుండా ఉంచారు. మా అమ్మాయి దాని దగ్గరకి వెళ్లి, జడలోంచి ఎర్రరిబ్బను తీసి ఒక రెక్కకి ముడేసింది.

"అదేంటమ్మా, మొక్కా?" అన్నాడు బావమరిది.

"కాదు మావయ్యా, లెక్క. దీన్ని చేత్తో నెమ్మదిగా తిప్పు."

పదెకరాల ఆసామి. మెడలో గొలుసు, చేతికి గడియారం. పంచె ఎగ్గట్టి మోకాల్లోతు నీళ్లలోకి దిగి చక్రం తిప్పాడు. రిబ్బను నీళ్లలోంచి లేచింది, పైకెక్కింది, దిగింది, మునిగింది. మా అమ్మాయి ఆపమన్నప్పుడల్లా ఆపాడు. ఒక వెదురుకర్ర నిలబెట్టి, రిబ్బను ఎంత ఎత్తులో ఉందో చూసి నోటుబుక్కులో చుక్క పెట్టుకుంది. చుక్కలు కలిపితే కొండా లోయా, కొండా లోయా.

"ఇంకొంచెం మావయ్యా."

"అమ్మా, అక్కడ రొయ్యపిల్ల డబ్బాల్లో ఉక్కిరిబిక్కిరైపోతందమ్మా!"

"ఇంకో రెండు చుట్లు మావయ్యా!"

"బావగారూ, మీరైనా చెప్పండి!"

గట్టు మీద మా ఆవిడ కొంగు నడుముకి దోపుకుని నిలబడి, "ఒరేయ్, నువ్వు పైకి రారా, జలుబు చేస్తుంది. ఏవే, వాడికేం పని లేదనుకున్నావా?" అని ఇద్దర్నీ కలిపి తిడుతోంది గాని, కళ్లు మాత్రం చక్రం మీదే ఉన్నాయి.

తిరుగు బస్సులో మా అమ్మాయి నాకు బోధ చేసింది. చక్రం వ్యాసార్ధం అయిదు. రిబ్బను కట్టిన చోటు మొదలయ్యేటప్పటికి ఇరుసుకి మూడు ఎత్తులో, నాలుగు పక్కకి ఉంది. అక్కణ్ణించి తిరుగుతుంది. ఎక్కడ మొదలైనా చక్రం చక్రమే కదా, అయిదుకి మించి పైకెలా వెళ్తుంది, అయిదుకి మించి కిందకెలా వెళ్తుంది? మూడు కాసూ నాలుగు సైనూ అంటే అదేనట. సూత్రం వాడకుండా ఏలూరు వచ్చేలోపు చూపించేసింది. నాకు అర్థమైనట్టే తల ఊపాను. సగం నిజంగానే అర్థమైంది.

సెప్టెంబరులో క్వార్టర్లీ జరిగింది. అదే లెక్క వచ్చింది, నాలుగు మార్కులకి. పేపర్లిచ్చిన రోజు మా అమ్మాయి బస్సు దిగి తిన్నగా మా స్కూలుకొచ్చి, సైకిలు స్టాండు పక్కన నిలబడి పేపరు చూపించింది. నలభై ఏడు. ఆ లెక్క దగ్గర ఒక చక్కటి చక్రం బొమ్మ, పక్కన మూడు వాక్యాలు, జవాబు సరిగ్గా ఉంది. దాని మీద ఎర్రసిరాతో "పద్ధతి?" అని రాసి, లెక్చరరు నాలుగుకి ఒకటి వేశాడు. కోసినవి మూడు. కావలసినవీ మూడు.

ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్చుంటే నయం. "పెట్టెలో పుస్తకాలకి చోటుంటుందాండి?" అనడిగింది.

మర్నాడు సెలవు పెట్టి, ఆ పేపరు పట్టుకుని కాలేజీకి వెళ్లాను. కొట్టడానికి వెళ్లేవాడిలా వెళ్లాను. లెక్చరరు నాకన్నా చిన్నవాడు. ముందు ఎనభై పేపర్ల కట్ట, దాని వెనక ఇంకో కట్ట. నిద్రలేక కళ్లు గైడులో అచ్చుతప్పుల్లా ఉన్నాయి.

"జవాబు సరైందే కదండి? మూడు మార్కులెందుకు కోశారు?"

"సరైందేనండి. బొమ్మ చాలా బాగుందండి. నేనే రెండుసార్లు చూసుకున్నాను."

"మరి?"

"పబ్లిక్ పరీక్షలో పేపరు దిద్దేవాళ్ల దగ్గర ఒక కాగితం ఉంటాదండి. ఏ మెట్టుకి ఎన్ని మార్కులో అందులో ఉంటాదండి. చక్రానికి మార్కుల్లేవండి. ఇప్పుడు నేను నాలుగు వేస్తే అక్కడ కూడా చక్రమే గీస్తాదండి. అప్పుడు పోతాయండి." పేపరు నా ముందుకి జరిపి, "మార్కులు వెయ్యమంటే వేసేస్తానండి మాస్టారు. మీరే చెప్పండి," అని ఎర్రపెన్ను నా చేతికిచ్చాడు.

ఇంతకన్నా అన్యాయం ఇంకోటుంటుందా? గొడవ పెట్టుకుందామని వెళ్లినవాడికి పెన్ను చేతిలో పెడితే ఏం చెయ్యాలి? నేనూ మాస్టార్నే. ఇరవై ఏళ్లు నేనూ ఆ కాగితం చూసే దిద్దాను. ఆ పెన్ను అలాగే బల్ల మీద పెట్టేసి, నమస్కారం పెట్టి వచ్చేశాను. బస్సులో ఉంగుటూరు దాకా నన్ను నేను తిట్టుకున్నాను. మూడంటే మూడు మార్కులు, వేసుకుని రావొచ్చుగా!

ఇంట్లో మా ఆవిడ వంకాయలు తరుగుతోంది. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. జరిగింది చెప్పాను, పెన్ను సంగతితో సహా. మా ఆవిడ కత్తిపీట పక్కకి జరిపి చెయ్యి చాచింది.

"ఏదీ, ఆ పేపరివ్వండి."

చాలాసేపు చూసింది. ఆవిడ చదువు ఏడో తరగతి.

"ఇది ఆ రోజు నువ్వు రిబ్బను కట్టిన చక్రమేనా?"

"అదేనమ్మా."

"ఏదీ చెప్పు."

అమ్మాయి నేల మీద కూర్చుని, అన్నం కంచం తిరగేసి, దాని అంచు మీద ఒక వంకాయ ముక్క పెట్టి తిప్పుతూ చెప్పింది. మూడు, నాలుగు, అయిదు. మా ఆవిడ కంచం ఆపి, ముక్కని తనే నెమ్మదిగా తిప్పింది.

"అది సరే గాని, ఇంకో సంగతుంది. నేను ఆ రోజు గట్టు మీద నుంచుని చూశానుగా. రిబ్బను మధ్యలోకి వచ్చినప్పుడు పరుగున పోతోంది. పైకెళ్లాక మాత్రం తీరుబడిగా, దిగాలా వద్దా అన్నట్టు ఆగి దిగుతోంది. తమ్ముడేమో ఒకేలా తిప్పుతున్నాడు. ఎందుకలా?"

మా అమ్మాయి నోరు తెరిచింది. "అమ్మా! అది మాకింకా రాలేదమ్మా! అది కాలిక్యులస్సమ్మా! బి పేపర్లో, జనవరిలో వస్తుందమ్మా!"

"వస్తే వచ్చింది, అరవకు," అంది మా ఆవిడ. కానీ ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. పెళ్లయిన కొత్తలో తప్ప అలా ఎర్రబడడం నేను చూళ్లేదు. ఇంకోసారి ముక్క తిప్పి చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఆ హాస్టల్లో ఈ చక్రం చెప్తారాండి?"

"చెప్పరు. ఆ లెక్చరరు అడిగిన పద్ధతే చెప్తారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే."

"ఆ పద్ధతి దీనికి వచ్చా?"

"వచ్చమ్మా," అంది అమ్మాయి. "గైడులో ఉంది. రాయబుద్ధి కాలేదు."

"బుద్ధి కాకపోవడమేంటి? అదీ రాయాలి, ఇదీ గియ్యాలి. ఈసారి హాఫ్ ఇయర్లీకి అరవై. తగ్గితే అప్పుడు చూస్తాను. ఇప్పటికి ఎక్కడికీ పోనక్కర్లేదు." వంకాయ ముక్క గిన్నెలో వేసేసి మళ్లీ తరగడం మొదలుపెట్టింది. "రేపట్నుంచి పొద్దున్న వంటింట్లో కూర్చుని నాకు చెప్పు."

అమ్మాయి ఒక్క గెంతులో వాళ్లమ్మ మెడ పట్టుకుంది. కత్తిపీట, కత్తిపీట అని నేను అరిచాను. ఎవరూ వినలేదు.

"మరి నేను?" అన్నాను.

"మీరు ఇన్నాళ్లూ కష్టపడ్డారుగా. బస్సు స్టాపు దాకా సైకిలు మీద దింపండి, చాలు."

మూడు నెలలు! అన్వేకాలూ సంగ్రస్తాలూ మింగి, భుజం నొప్పి తెచ్చుకుని, కాఫీ లేని గ్లాసులు తాగి, కడుపు మీద గైడు మోసినవాణ్ణి. మర్నాడు అయిదున్నరకి అలవాటుగా లేచి పడక్కుర్చీలో కూర్చున్నాను. వంటింట్లోంచి పోపు చిటపటలు, పేజీ తిప్పిన చప్పుడు, ఆ తర్వాత ఇద్దరూ ఒకేసారి పడీ పడీ నవ్వడం వినిపించింది. లెక్కల పుస్తకంలో అంత నవ్వొచ్చే విషయం ఏముంటుంది? నాకెప్పుడూ కనపడలేదే!

"ఏంటది?" అని కేకేశాను.

"మీకు అర్థమవ్వదులెండి నాన్నగారూ," అంది మా అమ్మాయి వంటింట్లోంచే, ఎంతో మర్యాదగా. "పేపరు చదువుకోండి."